రైలు రాని రేవు: మా భీమిలి జ్ఞాపకాలు

మా భీమిలికి రైలు లేదు. ఎప్పుడూ లేదు. చిన్నప్పుడు నాకిది పెద్ద లోటుగా అనిపించేది. వేసవి సెలవులకి అమ్మమ్మగారి ఊరు పార్వతీపురం వెళ్ళాలంటే ముందు బస్సెక్కి విజయనగరం చేరాలి. అక్కడ స్టేషన్లో ట్రంకు పెట్టె మీద కూర్చుని రైలు కోసం ఎదురుచూడాలి. "మన ఊళ్ళో స్టేషన్ ఎందుకు లేదు తాతా?" అని అడిగితే తాతయ్య ముక్కుపొడుం పీల్చి, "మనకి ఓడలుండేవిరా. ఓడలున్న ఊరికి రైలెందుకు అనుకున్నారు దొరలు" అనేవారు. దొరలు నిజంగా అలాగే అనుకున్నారో లేదో గాని, 1893లో ఈ ప్రాంతానికి రైలు వచ్చినప్పుడు పట్టాలు వాల్తేరు నుంచి కొత్తవలస మీదుగా లోపలి దారి పట్టి విజయనగరం వెళ్ళిపోయాయి. సముద్రం ఒడ్డున ఉన్న మేము పక్కన మిగిలిపోయాం. మా ఊరి కథ తిరిగిన మలుపు అదేనని ఇప్పుడు నా నమ్మకం.

ఇవాళ భీమిలి అంటే చాలామందికి ఒక బీచ్. వైజాగ్ చూడ్డానికి వచ్చినవాళ్ళు రుషికొండ చూసి, ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఫోటోలు దిగి, చివర్లో భీమిలి ఒడ్డున కాసేపు నిలబడి, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు తిని వెనక్కి తిరుగుతారు. వాళ్ళని తప్పు పట్టను. నగరం మ్యాపులో మేమిప్పుడు ఒక చివరి కొస. కానీ కొసగా పుట్టిన ఊరు కాదిది. దీనికి సొంత నది ఉంది, సొంత కొండ ఉంది, సొంత రేవు ఉండేది. 1861 నుంచి సొంత మున్సిపాలిటీ ఉండేది. దేశంలోనే బాగా పాత మున్సిపాలిటీల్లో మాదొకటని మా నాన్న తరం వాళ్ళు పెళ్ళిళ్ళలో కూడా చెప్పుకునేవారు.

ముందు నది సంగతి. గోస్తని అనంతగిరి కొండల్లో పుడుతుంది. బొర్రా గుహల్ని తొలిచింది ఈ నదేనని అందరికీ తెలిసిందే. అక్కణ్ణుంచి దాదాపు 120 కిలోమీటర్లు నడిచి మా ఊరి పక్కన సముద్రంలో కలుస్తుంది. గోదావరి, కృష్ణ చూసినవాళ్ళకి ఇది నదిలా కనిపించకపోవచ్చు. వేసవిలో సన్నటి పాయ మిగులుతుంది. మొగ దగ్గర, అంటే నది కలిసే చోట, సముద్రం ఇసుక పోసి గట్టు కట్టేస్తుంది. వానలు పడి పైనుంచి ఎర్రనీళ్ళు దిగాక ఆ గట్టు ఒక్కసారిగా తెగుతుంది. "మొగ తెగిందిరోయ్" అని కేక వినిపిస్తే పిల్లలందరం పరిగెత్తేవాళ్ళం. ఎర్రనీళ్ళూ నీలపునీళ్ళూ కలవకుండా పక్కపక్కనే చాలా దూరం పోవడం చూసేవాళ్ళం. ఆ రోజుల్లో బెస్తవాళ్ళకి చేపలు బాగా పడేవి. సాయంత్రానికి వీధంతా పులుసు వాసన.

నదికి ఇవతల పావురాళ్ళకొండ. కొండ మీద నరసింహస్వామి గుడి. ఇంకా పైన బౌద్ధుల కాలం నాటి శిథిలాలు. రాతిలో తొలిచిన నీటి తొట్లు ఇప్పటికీ ఉన్నాయి. భీముడు బకాసురుణ్ణి చంపి ఇక్కడ స్వామిని ప్రతిష్ఠించాడని మా నాన్నమ్మ చెప్పేది. బకాసురుడు ఎక్కడ పడ్డాడని అడిగితే ఒక్కోసారి ఒక్కో చోటు చూపించేది. మాకు అభ్యంతరం ఉండేది కాదు. ఆ కొండ మెట్లెక్కి తిరిగి చూస్తే ఊరంతా ఒక్క చూపులో కనబడుతుంది: కింద పెంకుటిళ్ళు, తెల్లటి లైట్‌హౌస్, ఇసుక, ఒక పక్కన పల్చటి నది, దూరంగా చిట్టివలస మిల్లు గొట్టం.

ఆ కొండ కింద ఇసుకలోకి డచ్చివాళ్ళు 17వ శతాబ్దంలోనే దిగారు. ఇక్కడ వర్తక స్థావరం పెట్టి బట్టలూ ధాన్యమూ ఎత్తి పంపించారు, తరవాత కోట కూడా కట్టుకున్నారు. 1754లో మరాఠాలు ఊరి మీద పడి దోచుకున్నారు. యూరప్‌లో ఇంగ్లీషువాళ్ళకీ డచ్చివాళ్ళకీ కుదిరిన ఒప్పందం ప్రకారం 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చింది. ఇదంతా నాకు బడి పుస్తకాల్లోంచి తెలియలేదు. మేము దాగుడుమూతలు ఆడుకున్న చోటే డచ్చివాళ్ళ సమాధులు. మనిషి కన్నా ఎత్తయిన కట్టడాలు, గోపురాల్లా కొన్ని, కోసుగా కొన్ని. రాళ్ళ మీద చెక్కిన అక్షరాలు మాకు చదవడం వచ్చేది కాదు. వేలితో తడుముతూ 1, 7 అంకెలు మాత్రం గుర్తుపట్టి ఒకరికొకరం చూపించుకునేవాళ్ళం. పెద్దవాళ్ళు "సమాధుల మధ్య ఆటలేటిరా?" అని తిట్టేవారు గాని అంతకంటే నీడ ఉన్న చోటు ఇంకెక్కడుంది? అంత దూరం నుంచి వచ్చి మా ఇసుకలో మిగిలిపోయినవాళ్ళని తలుచుకుంటే ఇప్పటికీ ఏదోలా ఉంటుంది. వాళ్ళలో చిన్నపిల్లల సమాధులూ ఉన్నాయి.

రేవు గురించి నేను చెప్పేదంతా తాతయ్య దగ్గర విన్నదే. ఆయన ఒక ఎగుమతి కంపెనీ గోడౌన్లో గుమాస్తా. రేవు అనగానే ఇప్పటి పిల్లలు క్రేన్లు, జెట్టీలు ఊహించుకుంటారు. అవేవీ లేవు. ఒడ్డు దగ్గర లోతు తక్కువ కాబట్టి ఓడ దూరంగా సముద్రంలోనే లంగరు వేసేది. సరుకంతా మసూలా పడవల్లో వెళ్ళాలి. ఆ పడవకి మేకు ఉండదు. చెక్కల్ని కొబ్బరి తాడుతో కుట్టేస్తారు. మేకులు కొట్టిన పడవ మా అలల దెబ్బకి పగిలిపోతుంది. కుట్టిన పడవ అల కొట్టినప్పుడు కాస్త వంగి, మళ్ళీ నిలబడుతుంది. అలలు దాటించడం ఒక విద్య. ఎన్నో అలని వదిలేయాలి, ఎప్పుడు తెడ్లు గట్టిగా వేయాలి అన్నది వెనక నిలబడ్డ మనిషి కేకతోనే నడిచేది. ఓడ వచ్చిన రోజు ఊళ్ళో కూలి చేయగలిగిన ప్రతి మనిషికీ పని దొరికేదట. ఓడ లేని రోజుల్లో తాతయ్య లెక్కల పుస్తకం ముందు కునికేవారట. ఇది నాన్నమ్మ చెప్పిన మాట, తాతయ్య ఒప్పుకునేవారు కాదు.

విజయనగరం వైపు నుంచి ఎడ్లబళ్ళు రాత్రిపూట బయలుదేరి తెల్లారేసరికి మా వీధుల్లోకి వచ్చేవి. నువ్వులు, ఏజెన్సీ కొండల నుంచి వలిసెలనే నూనెగింజలు, కరక్కాయలు, ఒకప్పుడు నీలిమందు. అన్నిటికన్నా ముఖ్యం గోగునార. ఈ సంగతి చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ ఛాతీ కొంచెం పొంగుతుంది. ప్రపంచ నార వ్యాపారంలో ఈ గోగునారకి మా ఊరి పేరే పెట్టారు. లండన్ మార్కెట్లో దాన్ని బిమ్లీ జూట్ అనేవారు. బెంగాల్ జనపనారకి తమ్ముడి లాంటిది, గోనెసంచులకీ తాళ్ళకీ పనికొస్తుంది. కోసిన గోగు కట్టల్ని చెరువుల్లో రోజుల తరబడి ఊరబెట్టి, మెత్తబడ్డాక నార ఒలిచి, కడిగి, ఆరేసేవారు. ఊరుతున్న చెరువు పక్కనుంచి వెళ్ళాలంటే ముక్కు మూసుకోవాల్సిందే. మా అమ్మకి ఆ వాసన పడేది కాదు. తాతయ్యకి మాత్రం అది జీతం వాసన.

ఈ చుట్టుపక్కల ఊళ్ళ పాతవాళ్ళకి భీమిలి రేవు అంటే ఇంకొకటి కూడా గుర్తుకొస్తుంది: రంగం. రంగూన్‌ని మావైపు రంగం అనేవారు. పంటలు పోయిన ఏడు, అప్పులు మీద పడ్డ ఏడు, జనం మూటలు కట్టుకుని రేవులకి వచ్చి స్టీమరెక్కేవారు. ఇటు విశాఖ, మా ఊరు, అటు కళింగపట్నం, ఇలా ఈ తీరంలోని రేవులన్నిటి నుంచీ బర్మాకి మనుషులు వెళ్ళారు. బియ్యం మిల్లుల్లోనూ రేవుల్లోనూ కూలి. మా తాతయ్య చిన్నాన్న అలా వెళ్ళినవాడే. మొదట్లో మనియార్డర్లు వచ్చేవట, ఒకసారి నాన్నమ్మగారి అత్తగారికి రంగం పట్టు పంచె వచ్చిందట. జపాన్ యుద్ధం వచ్చాక ఆయన కబురు లేదు. ఇలాంటి కబురులేని మనుషులు మావైపు చాలా ఇళ్ళల్లో ఉన్నారు. మా ఇంట్లో ఆయన పేరు మీద అమావాస్యనాడు ఒక ముద్ద తీసి పెట్టడం నేనెరుగుదును. ఏ తిథి పెట్టాలో తెలియక పెద్దవాళ్ళు అలా నిర్ణయించుకున్నారు.

1933లో విశాఖలో కొత్త హార్బరు తెరిచారు. ఓడ నేరుగా లోపలికి వచ్చి గట్టు పక్కనే ఆగుతుంది, పక్కనే రైలు. ఇక మసూలా పడవల్లో అలలకి తడిపి సరుకు ఎక్కించుకోవాల్సిన అవసరం ఎవరికుంది? రైలు మమ్మల్ని తప్పించి వెళ్ళిన నలభై ఏళ్ళకి ఓడలు కూడా అదే దారి పట్టాయి. ఒక్క రోజులో ఆగిపోలేదు. అప్పుడొకటి ఇప్పుడొకటిగా తగ్గుతూ వచ్చాయి. తాతయ్య కంపెనీ మొదట రాత్రి కాపలావాణ్ణి మానిపించింది, తరవాత ఒక గోడౌన్ అద్దెకిచ్చింది, చివరికి గుమాస్తాల్ని విశాఖ ఆఫీసుకి రమ్మంది. తాతయ్య వెళ్ళలేదు. చిన్న కిరాణా కొట్టు పెట్టుకున్నారు. "ఊరు మారితే నా చేతిరాత మారదుగా, అక్కడా ఇవే లెక్కలు. ఇక్కడైతే పొద్దున్నే సముద్రం ఉంటది" అన్నారట. మా నాన్నకి ఈ విషయంలో ఆయన మీద కొంచెం కోపం ఉండేది. పట్నం వెళ్ళి ఉంటే మన జీవితాలు వేరుగా ఉండేవి అనేవారు. నాకు మాత్రం తాతయ్య నిర్ణయం పుణ్యమా అని మంచి బాల్యం దొరికింది.

నేను ఎదిగేనాటికి గోడౌన్లు ఖాళీగా ఉండేవి. దట్టమైన గోడలు, పెద్ద పెద్ద తలుపులు, లోపల గబ్బిలాలు. సున్నం పెచ్చులూడిన చోట ఎర్రటి ఇటుక కనబడేది. ఒకదాంట్లో ఎండు చేపలు పెట్టేవారు. ఇంకోదాంట్లో మా వీధి కుర్రాళ్ళు క్యారమ్స్ ఆడేవారు. పెద్ద బంగళాల్లో ఆఫీసులు, బడులు ఉండేవి. సముద్రానికి ఎదురుగా పాత చర్చి, దాని పక్కనుంచి ఒడ్డుకి దిగే దారి. ఊరు నిద్రపోతున్నట్టు కనిపించేదేమో బయటివాళ్ళకి. లోపల ఉన్నవాళ్ళకి రోజుకో సందడి. పొద్దున్నే పెద్దవల లాగడం చూడాలి. ఒడ్డు మీద రెండు వైపులా రెండు బారులు నిలబడి, "ఐలేసా" అంటూ వెనక్కి వెనక్కి అడుగులేస్తూ తాడు లాగుతారు. వల ఒడ్డుకి చేరేసరికి ఆడవాళ్ళు గంపలతో సిద్ధం. నెత్తళ్ళు, కవళ్ళు, కానాగంతలు అక్కడికక్కడే వేలం పాట పెట్టేవారు. పిల్లలం తాడు చివర పట్టుకుని లాగినట్టు నటిస్తే జాలిపడి గుప్పెడు నెత్తళ్ళు ఇచ్చేవారు. శాకాహారం ఇళ్ళ పిల్లలు కూడా లాగేవారు, వాళ్ళ వాటా మాకు వచ్చేది.

శివరాత్రి మర్నాడు సముద్ర స్నానానికి ఊళ్ళకి ఊళ్ళు తరలివచ్చేవి. బళ్ళు కట్టుకుని, తరవాత్తరవాత ట్రాక్టర్లెక్కి. రాత్రంతా జాగరణ చేసిన కళ్ళతో మొదట సముద్రంలో, తరవాత నదిలో మునిగి, ఇసుకలో పొయ్యిలు పెట్టుకుని వండుకునేవారు. ఆ రోజు తాతయ్య కొట్లో నెల బేరమంతా ఒక్కరోజే జరిగేది. మేమందరం పొట్లాలు కట్టాలి.

పొద్దున మిల్లు కూత మాకు గడియారం. నది పక్కన చిట్టివలస జనపనార మిల్లు. పాత వంతెన మీదుగా సైకిళ్ళ వరస షిఫ్టుకి వెళ్ళడం, వేరే వరస తిరిగి రావడం. తిరిగొచ్చేవాళ్ళ జుట్టు మీద, కనుబొమల మీద నార పొట్టు తెల్లగా ఉండేది. రేవు పోయినా నార పోలేదని ఆ మిల్లు చూసి ధైర్యంగా ఉండేది. ఈ చుట్టుపక్కల కొన్ని తరాల కుటుంబాలు దాని మీదే బతికాయి. అది కూడా 2009లో మూతపడింది. కూత ఆగిపోయాక మొదట కొన్నాళ్ళు మా అమ్మ వంటింట్లో టైము తప్పిపోయేది. నేను సెలవుల్లో వెళ్ళినప్పుడు టీ ఎప్పుడూ ఆలస్యం.

మనుషుల కన్నా ముందు, ఆఫీసుల కన్నా ముందు, మా నది వైజాగ్ వెళ్ళింది. 1960ల్లో గోస్తని మీద ఎగువన తాటిపూడి దగ్గర జలాశయం కట్టారు. ఆ నీళ్ళు కొన్ని పొలాలకి, కొన్ని పైపుల్లో విశాఖపట్నం కుళాయిలకి. నేను ఉద్యోగంలో చేరి వైజాగ్‌లో అద్దె గదిలో ఉన్నప్పుడు, కుళాయి కింద బిందె పెట్టి, ఇవి మా ఏటి నీళ్ళే కదా అనుకున్న సందర్భాలు చాలా ఉన్నాయి. పెరుగుతున్న నగరానికి నీళ్ళు కావాలి, ఎవరూ కాదనరు. ఉక్కు ఫ్యాక్టరీ, రిఫైనరీ, షిప్‌యార్డు, వీటి చుట్టూ లక్షల మంది జనం. కానీ కింద, మొగ దగ్గర, ఏడాదిలో ఏరు పారే రోజులు తగ్గాయి. ఇసుక తవ్వకాలు ఇంకొంత చేశాయి. ఉప్పునీరు లోపలికి ఎగదన్ని కొన్ని బావులు చెడిపోయాయని రైతులు అంటుండేవారు. "మొగ తెగిందిరోయ్" అనే కేక మా పిల్లలు వినలేదు.

ఇక మనుషుల సంగతి. మా చిన్నప్పుడు వైజాగ్ వెళ్ళడమంటే పండగ. బీచ్ రోడ్డు ఇప్పట్లా లేదు. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు జీడిమామిడి తోటలు, సరుగుడు తోపులు, మధ్యలో ఎర్రమట్టి దిబ్బలు. వానకి తెగి తెగి ఏర్పడ్డ ఆ ఎర్ర లోయల్లో దారి తప్పితే గొంతు వినిపించదు. దొంగలుంటారని భయపెట్టేవారు. జగదాంబ సెంటర్లో సినిమా, పూర్ణా మార్కెట్లో సామాన్లు, పెద్ద జబ్బైతే కేజీహెచ్ ఆసుపత్రి. కాలేజీ, ఉద్యోగం, పెళ్ళి బట్టలు అన్నీ అక్కడే. రోజూ వెళ్ళొచ్చేవాళ్ళు పెరిగారు. 900కె బస్సులో సీట్లు పట్టుకునే పద్ధతులు, ఎవరు ఎక్కడ దిగుతారో తెలిసిన కండక్టర్లు, వెనక సీట్లలో రాజకీయాలు, ఇదంతా ఒక లోకం. ఆ బస్సులో ప్రేమించుకుని పెళ్ళి చేసుకున్నవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళ పిల్లలు ఇప్పుడు మధురవాడ ఐటీ కంపెనీల్లో పనిచేస్తున్నారు.

నగరం మా వైపు నడుచుకుంటూ రావడం మేమందరం చూశాం. విశాఖ 1979లో కార్పొరేషన్ అయింది. అప్పటికి అది మాకు దూరమే. 2005లో గాజువాకనీ చుట్టుపక్కల ఊళ్ళనీ కలుపుకుని మహా విశాఖ అయినప్పుడు మధురవాడ వచ్చేసింది. అంటే హద్దు మా గుమ్మం దాకా వచ్చినట్టే. జీడిమామిడి తోటలకి తెల్ల రాళ్ళు పాతి ప్లాట్లు వేశారు. 'భీమిలికి 10 నిమిషాలు' అని బోర్డులు. మా ఊరికి దగ్గరగా ఉండడమే ఒక ధర అయినప్పుడు ఊళ్ళో కొందరు సంతోషించారు. మా ఇంటి పక్కాయన తన తోట అమ్మేసి కూతుళ్ళ పెళ్ళిళ్ళు ఘనంగా చేశాడు. ఆయన చేసింది తప్పని ఎలా అంటాం? 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చి మిగిలిన సరుగుడు తోపుల్ని నేలకి వాల్చేసింది. చాలాచోట్ల మళ్ళీ నాటలేదు.

2013లో భీమిలినీ అనకాపల్లినీ మహా విశాఖలో కలుపుతూ ఉత్తర్వు వచ్చింది. ఊళ్ళో వాదనలు ఎలా ఉండేవో చెప్పాలి, ఎందుకంటే బయటివాళ్ళకి ఇది ఫైళ్ళ వ్యవహారంలా కనిపిస్తుంది. టీ కొట్టు దగ్గర ఒక వర్గం: కార్పొరేషన్‌లో కలిస్తే రోడ్లొస్తాయి, స్థలం విలువ పెరుగుతుంది, కుళాయి రోజూ వస్తుంది. ఇంకో వర్గం: పన్నులు పెరుగుతాయి, మన గోడు వినే నాథుడుండడు. మా నాన్న రెండో వర్గం. రిటైరయిన మాస్టారు కాబట్టి చెప్పడానికి లెక్కలు కూడా దగ్గర పెట్టుకునేవారు. ఆయన అసలు బాధ పన్ను గురించి కాదని నాకు తెలుసు. 1861 నాటి మున్సిపాలిటీ, మా ముత్తాత కాలంలో నిచ్చెన భుజాన వేసుకుని వీధి దీపాలు వెలిగించే మనిషికి జీతమిచ్చిన మున్సిపాలిటీ, ఇప్పుడు ఇంకో ఆఫీసులో ఒక అలమారా అయిపోతుంది. చైర్మన్‌ని బజార్లో ఆపి "మా వీధి కాలవ సంగతి ఏమైంది?" అని అడిగిన మనిషి ఆయన. ఆ చైర్మన్ ఆయన శిష్యుడే కావచ్చు, నిలబడి సమాధానం చెప్పేవాడు. మేయరుని అలా ఆపగలమా?

విలీనం తేలడానికి ఏళ్ళు పట్టింది. చివరికి 2021 మార్చిలో మహా విశాఖకి ఎన్నికలు జరిగినప్పుడు మొత్తం 98 వార్డుల్లో మావీ ఉన్నాయి. పురపాలక సంఘం స్థానంలో జోనల్ ఆఫీసు వచ్చింది. నాన్న ఓటు వెయ్యనన్నారు. పొద్దున్నుంచి పడక కుర్చీలోంచి లేవలేదు. మధ్యాహ్నం భోజనం అయ్యాక అమ్మ చెప్పులు తొడుక్కుని, "మీరు రాకపోతే నేనెల్తన్నాను. మన వీధికి ఎవరో ఒకరు కావాలి కదా" అంది. పది నిమిషాలకి ఆయన కూడా లేచి ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. ఆ రోజు ఇద్దరూ వేరువేరుగా వెళ్ళి వేరువేరుగా వచ్చారు, ఎవరికి వేశారో ఇప్పటికీ ఒకరికొకరు చెప్పుకోలేదు.

మంచి జరగలేదని అనను. చెత్త బండి టైముకి వస్తుంది. వీధి దీపాలు బాగున్నాయి. బీచ్ ముందు నడిచే దారి, బెంచీలు వేశారు. భీమిలి పేరు కూడా పోలేదు. అసెంబ్లీ నియోజకవర్గం మా పేరే, 2022లో రెవెన్యూ డివిజన్ కూడా మా పేరుతోనే వచ్చింది. పోయిందల్లా ఊరు తన గురించి తాను నిర్ణయించుకునే చోటు. ఆ పాత సమావేశాల్లో అరుపులు, కొట్లాటలు, చెత్త రాజకీయాలు అన్నీ ఉండేవి. కానీ అవి మా ఊరి బావి గురించి, మా ఊరి మార్కెట్ గురించి జరిగిన కొట్లాటలు. ఇప్పుడు మా బావి సంగతి 98లో ఒకటి. రేవు పోయినప్పుడు తాతయ్యకి పోయింది ఉద్యోగం. మా నాన్నకి పోయింది అడిగే హక్కు అని ఆయన అనుకున్నారు. ఆయన అనుకున్నదాంట్లో చాలా నిజముందని నేనూ అనుకుంటాను.

నేను గట్టిగా కోరుకునేది ఒకటుంది. నగరం మమ్మల్ని కలుపుకుంది కాబట్టి మా చరిత్ర కూడా ఇప్పుడు నగరానిదే. అయితే దాన్ని తనదిగా చూసుకోవాలి. డచ్చి సమాధుల చుట్టూ గోడ కట్టడంతో సరిపోదు, రాళ్ళ మీద ఏం రాసుందో తెలుగులో ఒక బోర్డు పెట్టాలి. మిగిలిన గోడౌన్లలో ఒక్కటైనా కూలకుండా ఆపి, అందులో ఒక కుట్టు పడవనీ గోగునార కట్టలనీ రంగం వెళ్ళినవాళ్ళ ఫోటోలనీ పెట్టాలి. మసూలా పడవ కుట్టడం తెలిసిన చేతులు ఇంకా ఎక్కడైనా ఉంటే వాళ్ళచేత ఒక్క పడవ కుట్టించాలి. ఎర్రమట్టి దిబ్బల పక్కన తవ్వే ప్రతి గజం గురించీ జనానికి ముందు చెప్పాలి, అవి మళ్ళీ ఏర్పడవు. మా ఇంట్లో ఉన్న తాతయ్య గోడౌన్ లెక్కల పుస్తకం నేను ఇవ్వడానికి సిద్ధం. చెదలు కొంత తిన్నాయి గాని ఓడల పేర్లు చదవొచ్చు.

మీరు ఈసారి భీమిలి వస్తే బీచ్ దగ్గర ఆగి వెనక్కి తిరక్కండి. తెల్లవారుజామున రండి, పడవలు ఒడ్డుకొచ్చేవేళకి. వేలం పాట చూడండి, చేపలు కొనండి, బేరం మరీ ఎక్కువ చేయొద్దు. తరవాత లైట్‌హౌస్ వైపు నడిచి సమాధుల దగ్గర కాసేపు ఆగండి. ఎండ ముదరకముందే కొండెక్కండి. దిగాక చిట్టివలస వంతెన దాకా వెళ్తే నది కనబడుతుంది. వానాకాలమైతే నీళ్ళు కూడా ఉంటాయి. తిరుగు బస్సు కోసం కంగారు పడక్కర్లేదు, వైజాగ్‌కి బస్సులు పొద్దున్నుంచి రాత్రి దాకా ఉంటాయి.